కాటారంలో మొండికేసిన లారీ

పొద్దు ఇంకా పొడవలేదు. కాటారం మండల కేంద్రమైన గారెపల్లి చౌరస్తాలో మీరు నిలబడి ఉన్నారు. డిసెంబరు చలి. మహాముత్తారం వైపు అడవి మీంచి దిగిన మంచు రోడ్డు మీదే తచ్చాడుతోంది. ఒక దారి మంథనికి, ఒకటి భూపాలపల్లికి, మరొకటి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరానికి. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన పడ్డాక, అవతలి ఒడ్డున ఉన్న సిరోంచ నుంచి వచ్చే బండ్లూ ఇటే దిగుతున్నాయి. కాళేశ్వరం నుంచి వచ్చే ఈ రోడ్డునిప్పుడు 353సి జాతీయ రహదారి అంటున్నారు. పేరేదైనా రాత్రంతా దీని మీద నడిచేది లారీలే. టీ కొట్టులో పొయ్యి అప్పుడే అంటుకుంది.

కొట్టుకు కాస్త అవతల, రోడ్డు దిగువ మట్టిలో ఒక పది టైర్ల పాత అశోక్ లేలాండ్ ఆగి ఉంది. ఇసుక కోసం మహదేవపూర్ వైపు పోవాల్సిన ఖాళీ బండి. నంబరు ప్లేటు ఏపీ 15తో మొదలవుతుంది. అంటే కరీంనగర్ రిజిస్ట్రేషన్. 2014 జూన్‌లో తెలంగాణకు టీఎస్ నంబర్లు రాకముందే రోడ్డెక్కిన బండి. 2016 అక్టోబరు 11న భూపాలపల్లి జిల్లా ఏర్పడేదాకా కాటారం కూడా కరీంనగర్ జిల్లాలోనే ఉండేది.

డ్రైవర్ క్యాబిన్‌లో కూర్చుని తాళం తిప్పాడు. కింద నుంచి ‘టక్’ మని ఒక చప్పుడు. ఆ వెనకే ‘గుర్ర్... గుర్ర్...’ అని రెండు మూలుగులు. అంతే, ఆగిపోయింది.

“సెల్ఫ్ గుంజుతలేదు ఉస్తాద్,” అన్నాడు క్లీనర్ కిందినుంచి.

“బ్యాటరీలు కొత్తయే గదరా! ఇంకేం మార్చాలె దీనికి?” డ్రైవర్ గొంతులో నిద్రలేమి, కోపం రెండూ వినిపిస్తున్నాయి. టీ తాగుతున్న మరో లారీ డ్రైవర్ గ్లాసు కింద పెట్టి, “తాడున్నది నా బండిల. గుంజుదమా?” అన్నాడు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు లారీలు బాగుచేసే మేస్త్రి. అరవై దాటిన మనిషి. తన బైకు స్టాండు వేసి, చెవులకు చుట్టుకున్న మఫ్లర్ విప్పి, లారీని ముట్టుకోకుండా ముందు దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి వచ్చాడు. “తాడు వద్దు. ముందుగాల టైరు వెనక దిమ్మ పెట్టు,” అన్నాడు క్లీనర్‌తో.

తాడు ఎందుకు వద్దో మీకు అక్కడే తెలుస్తుంది. ఈ బండికి బ్రేకులు గాలి మీద నడుస్తాయి. రాత్రంతా నిలబడితే ట్యాంకుల్లో గాలి దిగిపోతుంది, ఇంజన్ నడిస్తేనే మళ్లీ నిండుతుంది. ఇంజన్ నడవకపోతే పవర్ స్టీరింగూ పనిచేయదు. బ్రేకు అందని, స్టీరింగ్ బిగుసుకున్న లారీని ఇంకో లారీ వెనక తాడుతో కట్టి జాతీయ రహదారి మీదికి తీసుకుపోవడమంటే ప్రాణాలతో ఆట. ఒకవేళ అలా స్టార్టయినా, రోగం బండిలోనే ఉంటుంది. మళ్లీ ఎక్కడ ఆపితే అక్కడ పడుకుంటుంది.

మేస్త్రి టీ చేతిలోకి తీసుకుని డ్రైవర్‌ను అడగడం మొదలుపెట్టాడు.

“ఎప్పుడు ఆపినవ్?”

“రాత్రి పది గొట్టంగ, కాకా.”

“నిన్న ఎట్ల లేచింది?”

“బరువుగ తిరిగి తిరిగి లేచింది. నెల సంది గిట్లనే ఉన్నది. అందుకే బ్యాటరీలు మార్పించిన. రెండు దినాలు మంచిగుండె, మళ్ల గదే కత.”

“అవి గాక ఇంకేం పని జేసిండ్రు?”

“మొన్న డీజిల్ ఫిల్టర్లు మార్చిండ్రు. గంతే.”

“ఇసుక కాడ లైన్ల ఎంతసేపున్నవ్?”

“ఒక దినమంత. పదడుగులు జరుపుడు, బందు జేసుడు.”

ఈ నాలుగు జవాబులే ఈ పొద్దుటి పనికి దారి చూపిస్తాయి. గోదావరి ఒడ్డున ఇసుక రీచ్‌ల దగ్గర లారీలు వరుసకట్టి గంటల తరబడి ఆగుతాయి. వరుస కదిలినప్పుడల్లా స్టార్ట్ చేయడం, కొద్దిగా జరిపి ఆపేయడం. మధ్యలో పాటలు, లైట్లు, ఫోను చార్జింగ్. సెల్ఫ్ తిరిగిన ప్రతిసారీ బ్యాటరీ నుంచి వందల ఆంపియర్ల కరెంటు పోతుంది. పోయినదాన్ని డైనమో తిరిగి నింపాలంటే ఇంజన్ చాలాసేపు నడవాలి. వరుసలో అది కుదరదు. కాబట్టి బ్యాటరీనే అనుమానించడం సహజం. డ్రైవరూ అదే చేశాడు. వేలకు వేలు పోసి జత మార్పించాడు. అయినా రోగం పోలేదంటే అది వేరే చోట ఉందన్నమాట. “పనిజేసిన చెయ్యి ఎక్కడ పడ్డదో గదీ చూడాలె,” అని ఫిల్టర్ల సంగతి మేస్త్రి మనసులో పెట్టుకున్నాడు.

“ఇగ కొట్టు సెల్ఫు. హెడ్‌లైట్లు వేసి కొట్టు.”

మీరు మేస్త్రి పక్కనే నిలబడి వినండి. స్టార్ట్ కాని లారీ నాలుగు రకాలుగా చప్పుడు చేస్తుంది. తాళం తిప్పితే అసలు చప్పుడే లేకపోతే కరెంటు సెల్ఫ్ దాకా రావడం లేదు. మెయిన్ స్విచ్, ఫ్యూజు, తాళం వెనక వైర్లు చూడాలి. ‘టకటకటక’ మని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదు. ‘జుయ్’ మని ఊరికే తిరిగిపోతే సెల్ఫ్ గేరు ఇంజన్ పళ్ల చక్రాన్ని అందుకోవడం లేదు. బరువుగా మూలిగితే మూడు కారణాలుంటాయి: బ్యాటరీ బలహీనం కావచ్చు, కరెంటు దారిలో ఎక్కడో అడ్డు ఉండొచ్చు, లేదా సెల్ఫో ఇంజనో లోపల పట్టేసి ఉండొచ్చు.

డ్రైవర్ తాళం తిప్పాడు. సెల్ఫ్ మూలిగింది. లైట్లు మాత్రం కాస్తే తగ్గి, దాదాపు అంతే వెలుగుతో నిలిచాయి. మంచులో రెండు పచ్చటి దారులు పరుచుకునే ఉన్నాయి.

మేస్త్రి ముఖంలో మొదటిసారి నవ్వు. బ్యాటరీ నిజంగా చచ్చిపోయి ఉంటే సెల్ఫ్ కొట్టగానే లైట్లు ఎర్రబడి ఆరిపోయేంత పని అవ్వాలి. లైట్లకు కరెంటు అందుతోంది, సెల్ఫ్‌కు అందడం లేదు. బావి నిండుగానే ఉంది, కాలువే ఎక్కడో పూడింది.

ఇప్పుడు సంచిలోంచి మీటరు తీశాడు. ఈ లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిసి 24 వోల్టులిస్తాయి. పూర్తి చార్జిలో ఉన్న జత 25.4 దగ్గర నిలవాలి. మీటరు సరిగ్గా అంతే చూపిస్తోంది. “కొట్టు!” మూలుగు. బ్యాటరీ మీద 22.5. ఫర్వాలేదు, ఇది 19 కన్నా కిందికి జారితే బ్యాటరీ మీద అనుమానపడాలి.

తర్వాత క్లీనర్‌ను కిందికి పంపి, మీటరు ముళ్లు సెల్ఫ్ బోల్టుకూ సెల్ఫ్ బాడీకీ ఆనించమన్నాడు. “కొట్టు!” ఈసారి 15.5. బ్యాటరీ దగ్గర బయల్దేరిన 22.5లో ఏడు వోల్టులు దారిలోనే మాయమయ్యాయి. సెల్ఫ్ పాపం ఏం చేస్తుంది?

ఎక్కడ మాయమయ్యాయో పట్టుకోవడానికి ఒక్క వైరునూ విప్పక్కర్లేదు. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ బోల్టు దాకా కొలిస్తే, సెల్ఫ్ తిరుగుతుండగా ఒక వోల్టు నష్టం. పాత కేబులు, మెయిన్ స్విచ్ కలిపి కొంచెం ఎక్కువే, కానీ దొంగ అది కాదు. ఇక బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ దిమ్మ దాకా. మంచి బండిలో ఇక్కడ అర వోల్టు కూడా పోకూడదు.

“కొట్టు!”

మీటరు మీద ఆరు.

“దొరికింది. ఎర్త్!”

డ్రైవర్ దిగి వచ్చాడు. అతనితోపాటు మీరూ వంగి చూడండి. బ్యాటరీ మైనస్ కేబులు చాసిస్‌కు బిగించి ఉంది. ఇంజన్ చాసిస్ మీద నేరుగా కూర్చోదు. అదురు తగ్గడానికి నడుమ రబ్బరు దిమ్మలుంటాయి. రబ్బరులోంచి కరెంటు పోదు. సెల్ఫ్‌లోకి వెళ్లిన వందల ఆంపియర్లూ బ్యాటరీకి తిరిగి రావాలంటే ఇంజన్‌నూ చాసిస్‌నూ కలుపుతూ రాగి తీగలతో అల్లిన ఒక పట్టీ ఉంటుంది, దాని మీదుగానే రావాలి. గేరుబాక్సు పక్కన, బురద కింద ఉంది ఆ పట్టీ. ఆకుపచ్చటి చిలుము పట్టి, సగం తీగలు తెగి, బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. క్లీనర్ వేలితో తాకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేడెక్కింది! పోయిన ఆరు వోల్టులూ అక్కడే వేడిగా మారుతున్నాయి.

ఈ దారిలో తిరిగే బండ్లకు ఈ తుప్పు కొత్త కాదు. గోదావరిలోంచి తీసిన ఇసుకను తడిమీదే ఎత్తుతారు. నీళ్లు బాడీ సందుల్లోంచి కారుతూ చాసిస్ మీద, కేబుళ్ల మీద, బోల్టుల మీద పడుతుంటాయి. ఏళ్ల తరబడి అలా తడిసిన ఇనుము మీద పైకి బిగుతుగా కనిపించే బోల్టు కింద రాగికీ ఇనుముకూ మధ్య తుప్పు చేరుతుంది. దీపానికి కావలసిన చిన్న కరెంటును అది పోనిస్తుంది, సెల్ఫ్ అడిగే పెద్ద కరెంటును అడ్డుకుంటుంది. కంటికి బాగానే కనిపించే జాయింటు మీటరుకు మాత్రం దొరికిపోతుంది.

మెయిన్ స్విచ్ ఆపి, మైనస్ కేబులు ముందు తీశారు. మేస్త్రి పందొమ్మిది పానా అడిగాడు. బోల్టు మొరాయించింది, నూనె పోసి, రెండు దెబ్బలేసి విప్పారు. చాసిస్ మీద రంగూ తుప్పూ పోయి తెల్లటి ఇనుము కనిపించేదాకా ఎమ్రీ కాగితంతో క్లీనర్ రుద్దాడు. చెడిన పట్టీ తీసేసి, మందపాటి కొత్త కేబులు వేసి బిగించి, పైన గ్రీజు పూశారు. మళ్లీ కొలిస్తే ఇంజన్ వైపు నష్టం అర వోల్టు లోపలికి వచ్చింది.

“ఇగ కొట్టు.”

ఈసారి మూలుగు లేదు. ‘గిరగిరగిర’ మని ఇంజన్ జోరుగా తిరిగింది. డ్రైవర్ ముఖం విప్పారింది. పది సెకన్లు తిరిగింది, పదిహేను తిరిగింది. కానీ అంటుకోలేదు.

“ఆపు! సెల్ఫ్ కాలిపోతది. జర ఆగి కొట్టాలె,” అని మేస్త్రి అరిచి, బండి పక్కకు వెళ్లి సైలెన్సర్ వైపు చూశాడు. “మళ్ల కొట్టు.” ఇంజన్ తిరుగుతూనే ఉంది. సైలెన్సర్ లోంచి చిన్న పొగ పోగు కూడా లేదు.

సగం మంది మెకానిక్కులు ఓపిక కోల్పోయేది ఇక్కడే. చూస్తున్నవాళ్లలో ఒకరు, “పెట్రోల్ గుడ్డ పెట్టున్రి, దెబ్బకు లేస్తది,” అన్నారు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలు ఆవిరి పీల్పిస్తే అది సిలిండర్లో డీజిల్ కన్నా ముందే, అదుపు లేకుండా పేలుతుంది. పిస్టన్ రింగులు విరగొచ్చు, మంట వెనక్కి తన్నొచ్చు. పైగా డీజిల్ రాని బండికి పెట్రోలు వాసన చూపిస్తే రెండు దగ్గులు దగ్గి మళ్లీ ఆగుతుంది, అంతే.

పొగ లేకపోవడమే ఇక్కడ అసలు సాక్ష్యం. డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన పద్ధతే ఇప్పటికీ ఉంది: గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడిలోకి నూనె చిమ్మితే అదే అంటుకుంటుంది. ఇలాంటి ఇంజన్‌లో గాలి దాదాపు పదిహేడో వంతుకు నలిగి, 500 డిగ్రీలు దాటి కాగుతుంది. ఇంజన్ మెల్లగా తిరిగితే ఆ వేడి గోడల్లోకి జారిపోయి, డీజిల్ అంటుకునేంత మిగలదు. అందుకే ముందు ఎర్త్ సంగతి తేల్చాల్సి వచ్చింది. ఇప్పుడు జోరుగా తిరుగుతోంది, వేడి పుడుతోంది. డీజిల్ చేరి అంటుకోకపోతే తెల్లటి పొగ రావాలి. గాలి చాలకపోతే నల్ల పొగ రావాలి. ఏ పొగా లేదంటే డీజిలే చేరడం లేదు.

మేస్త్రి ముందుగా ఇంజన్ ఆపే కేబులు చూశాడు. అది బిగుసుకుపోయి పంపు మీది లివర్‌ను ‘ఆపు’ దగ్గరే పట్టి ఉంచితే, ఎంత కొట్టినా చుక్క రాదు. లివర్ సరిగ్గానే వెనక్కి వచ్చింది. ట్యాంకులో కర్ర ముంచి చూస్తే డీజిల్ మూరెడు. ఇక మిగిలింది ట్యాంకు నుంచి నాజిల్ దాకా ఉన్న దారి.

ఆ దారి ఇలా సాగుతుంది. ట్యాంకులోంచి రబ్బరు పైపు ద్వారా ఫీడ్ పంపు డీజిల్‌ను లాగుతుంది. అక్కడినుంచి రెండు ఫిల్టర్లు, ఆ తర్వాత పెద్ద పంపు, అందులోంచి ఆరు ఇనుప గొట్టాలు ఆరు నాజిళ్లకు. వరసలో ఆరు ప్లంజర్లున్న ఇలాంటి పంపును జర్మనీలో బాష్ కంపెనీ 1927లో భారీగా తయారుచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో అది 1951లో బెంగళూరులో మొదలైన మైకో పేరుతో ఊరూరికీ చేరింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్‌గా మారినా, షెడ్డుల్లో అది ఇంకా మైకో పంపే. ఆ ప్లంజర్లు నూనెను నొక్కి నాజిల్ తెరిపించగలవు. కానీ దారిలో గాలి చేరితే ఆ గాలే నలుగుతూ ఉబ్బుతూ ఉంటుంది, నాజిల్ తెరుచుకోదు. మెకానిక్కులు ‘ఎయిర్ పట్టింది’ అనేది దీన్నే.

ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి గుబ్బను క్లీనర్ నొక్కసాగాడు. బుసబుసమని నురగ. నొక్కుతూనే ఉన్నాడు, బుడగలు వస్తూనే ఉన్నాయి. ఉన్న గాలి పోతే బుడగలు ఆగాలి. ఆగడం లేదంటే కొత్త గాలి లోపలికి వస్తోంది.

“ఫిల్టర్ల కాడ కారుతలేదు గద?” డ్రైవర్ సందేహం.

“కారదు, బిడ్డా. అది గుంజే దిక్కు.”

ఫీడ్ పంపు దాటాక దారి ఒత్తిడి మీద ఉంటుంది. అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి కారి కనిపిస్తుంది. ఫీడ్ పంపుకు ముందు దారి లాగుడు మీద ఉంటుంది. అక్కడ చిల్లు పడితే చుక్క కారదు, గాలి లోపలికి పోతుంది. చిల్లుపడ్డ గొట్టంతో కొబ్బరి నీళ్లు తాగినట్టే. నడుస్తున్నంతసేపు పంపు జోరు మీద ఎలాగో నెట్టుకొస్తుంది. రాత్రి ఆపితే పైపులోని డీజిల్ నెమ్మదిగా ట్యాంకులోకి దిగిపోయి, తెల్లారేసరికి దారంతా గాలే.

ఇక్కడా మేస్త్రి అన్నీ విప్పలేదు. దారిని సగానికి కోశాడు. ఫీడ్ పంపు దగ్గర ట్యాంకు పైపు తీసేసి, ఒక మంచి పైపు ముక్క పెట్టి, దాని రెండో కొసను డీజిల్ నింపిన చిన్న డబ్బాలో ముంచాడు. క్లీనర్ గుబ్బ నొక్కాడు. ఒకటి రెండు సార్లు నురగ, ఆ తర్వాత బుడగ లేని పల్చటి ధార. అంటే ఫీడ్ పంపు మంచిదే, ఫిల్టర్లూ మంచివే. తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న పైపులో ఉంది.

ఆ పైపు కొస, క్లిప్పు కింద, వేలు పెట్టి వంచితే నోరు తెరిచింది. ఎండకూ వేడికీ పెళుసెక్కిన రబ్బరు. మొన్న ఫిల్టర్లు మార్చినప్పుడు ఫీడ్ పంపు జాలి కడగడానికి ఎవరో పైపు లాగి మళ్లీ తొడిగారు, పగులు విప్పుకుంది. కొత్త పైపు వేసి, రెండు కొసలా కొత్త క్లిప్పులు బిగించారు.

ఇక గాలి తీయడం. ముందు ఫిల్టరు స్క్రూ, తర్వాత పెద్ద పంపు స్క్రూ. ఒక్కొక్క చోట బుడగలు పోయాకే బిగించాలి. చివర నాజిళ్ల దగ్గర గొట్టాల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టించారు. “చేతులు దూరం!” అని మేస్త్రి క్లీనర్‌ను హెచ్చరించాడు. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. చూడ్డానికి సూది గుచ్చినంతే, కానీ ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. నట్ల దగ్గర డీజిల్ చుక్కలు కట్టాయి. బిగించారు.

“కొట్టు.”

నాలుగు తిరుగుళ్లు. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ. ఒక సిలిండర్ పలికింది, ఇంకోటి అందుకుంది, ఆరూ కలిశాయి. కాళ్ల కింద నేల అదిరింది. “ఆయిల్ ముల్లు చూడు. గాలి ముల్లు నిండేదాకా గేరు వెయ్యకు,” అన్నాడు మేస్త్రి. మీటరు బ్యాటరీ మీద పెడితే 28 చూపించింది. డైనమో కూడా బాగానే ఉంది. మహదేవపూర్ వైపు రోడ్డు మీద మంచు విడిపోయి ఎండ పడింది.

మొత్తానికి ఈ లారీకి కావలసి వచ్చింది మూరెడు కేబులు, కొంత రబ్బరు పైపు, రెండు క్లిప్పులు, ఒక ఎమ్రీ కాగితం. పాత బ్యాటరీలను మార్చకముందే ఎవరైనా మీటరు పెట్టి చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేదేమో. 2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్ 6 లారీల్లో కంప్యూటరు, సెన్సార్లు ఉంటాయి, తప్పు వెతకడానికి స్కానర్ కావాలి. కానీ ఎర్త్ చెడితే అవీ పలకవు, గాలి పడితే అవీ కదలవు.

లారీ నడుపుకునే అన్నలు నాలుగు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. బండికి చేయించిన ప్రతి పనీ తేదీతో రాసిపెట్టుకోండి. కొత్త రోగం తరచూ చివరగా చెయ్యి పడ్డ చోటే ఉంటుంది. తడి ఇసుక మోసే బండికి ఎర్త్ పట్టీని నెలకొకసారి విప్పి తుడిపించండి. వస్తువు కొనే ముందు వోల్టులు కొలిపించండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు పొగ వస్తోందా లేదా అని దిగి చూసి, మేస్త్రికి ఆ మాట ముందుగా చెప్పండి. అడిగి, విని, కొలిచి, ఆ తర్వాతే పానా పట్టే మేస్త్రి మీ ఊళ్లో ఉంటే అతన్ని వదులుకోకండి.